దవడ వాపంతా గురకవ్యాధి కాదు

ప్రశ్న: ఘట్‌కేసర్ దగ్గర మాకు ఆరు బర్రెలు ఉన్నాయి. మూసీ నీళ్లతో పెరిగిన పారాగడ్డి కోసి వేస్తాం. రెండింటికి మూడు వారాలుగా దవడ కింద వాపు ఉంది, పేడ పల్చగా వేస్తున్నాయి, పాలు సగానికి పడ్డాయి. గురకవ్యాధి అనుకుని మందుల షాపాయన ఇచ్చిన ఇంజెక్షన్ చేయించాం, తర్వాత నట్టల మందు ఐవర్‌మెక్టిన్ వేయించాం. తగ్గలేదు. ఏం చేయాలి?

జవాబు: గురకవ్యాధి అయితే మూడు వారాలు ఆగదు. తీవ్ర జ్వరంతో, గురకతో ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మీరు జ్వరం మాటే రాయలేదు. వాపును బొటనవేలితో నొక్కండి. గుంట పడి కాసేపు అలాగే ఉంటే అది నీరు. నా అనుమానం కార్జపు జలగల మీద, అంటే కార్జంలో (లివర్‌లో) చేరే చదునైన నట్టల మీద. ఐవర్‌మెక్టిన్ జలగలను చంపదు, ఆ డబ్బు దండగ.

ముందు పేడ పరీక్ష చేయించండి. జలగ గుడ్లు బరువుగా ఉండి అడుగుకు దిగుతాయి కాబట్టి అడుగు మడ్డిని చూడమని చెప్పండి. గుడ్లు కనబడకపోయినా జలగలు లేవని కాదు. పిల్ల జలగలు గుడ్లు పెట్టడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. మేతతో మింగిన తీగముక్క గుండెకు గుచ్చుకున్నా మెడ కింద నీరు దిగుతుంది, అందుకే డాక్టరుతో గుండె కూడా చూపించండి.

జలగలే అని తేలితే పాలిచ్చే బర్రెలకు ఆక్సిక్లోజనైడ్ కిలో బరువుకు 10-15 మి.గ్రా., అంటే 400 కిలోల బర్రెకు 4 నుంచి 6 గ్రాములు, నోటి ద్వారా. నీరసించిన బర్రెకు ఎంత ఇవ్వాలో డాక్టరు చెప్పాలి. మూడు రోజులు పాలు అమ్మకండి, లేబుల్‌పై ఎక్కువ రోజులు రాసి ఉంటే అన్నాళ్లూ ఆపాలి. ఇది ఎదిగిన జలగలనే చంపుతుంది కాబట్టి 8 వారాలకు మళ్లీ తాగించాలి. వట్టిపోయినవాటికి, పడ్డలకు ట్రైక్లాబెండజోల్ కిలోకు 12 మి.గ్రా. మేలు, పిల్ల జలగలూ చస్తాయి. పాల బర్రెలకు అది వద్దు.

వానాకాలంలో నత్తలు పెరుగుతాయి. వాటిలోంచి వచ్చిన జలగ పిల్లలు గడ్డి మొదళ్లకు అంటుకుంటాయి. చెరువుల కింద నీళ్లు తీసే కార్తీకం నుంచి బెడద ఎక్కువ. మీ గడ్డి మడిలో ఏడాదంతా నీళ్లే, కాబట్టి మీకు సీజన్ అయిపోవడమంటూ ఉండదు. నీటిమట్టానికి జానెడు పైన కోయండి, బాగా ఎండబెట్టి వేయండి. పచ్చి పేడ మడిలోకి పారనివ్వకండి. నత్తల కోసం మైలుతుత్తం చల్లమని షాపులో చెబితే వినకండి, చేపలు చస్తాయి. లివర్ టానిక్ సీసాలు అంటగడితే పేడ పరీక్ష రిపోర్టు వచ్చాక చూద్దామనండి. మిగిలిన నాలుగు బర్రెల పేడ కూడా ఇప్పుడే పంపండి.