డాక్టర్ సలహా: మత్తు మాత్రలతో ఊపిరి ఆగబోతే ఏం చేయాలి, ఊరికి వచ్చే నిధులు దేనికి అడగాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కడప జిల్లా ఎర్రగుంట్ల. మా అక్క కొడుకుకు 23 ఏళ్లు, లారీ మీద పని చేస్తాడు. నడుము నొప్పికని మొదలుపెట్టిన టపెంటడాల్ మాత్రలు అలవాటైపోయాయి. పోయిన నెల ఒక రాత్రి ఆ మాత్రలతో పాటు నిద్రమాత్రలు కూడా వేసుకుని పడుకున్నాడు. గట్టిగా గురక పెడుతుంటే అలసిపోయాడులే అనుకున్నాం. కాసేపటికి చూస్తే పెదవులు నల్లబడి ఉన్నాయి. ఆటోలో ప్రొద్దుటూరుకు తీసుకుపోతే బతికాడు. ఇంటికొచ్చి మూడు వారాలైంది, మాత్రల జోలికి పోలేదు. మళ్లీ అలా జరుగుతుందా? మా వీధి పెద్దలు ఈ విషయమై కలెక్టరు గారికి అర్జీ పెట్టి, ప్రభుత్వ నిధులతో అవగాహన ర్యాలీలు చేయించాలంటున్నారు. దానివల్ల మేలుంటుందా? ఏం అడిగితే బాగుంటుందో చెప్పండి. (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ముందు మీ పిల్లవాడి సంగతి చెబుతాను. మీకు కొంచెం భయం కలిగినా ఈ మాట దాచకూడదు. మూడు వారాలుగా మాత్రలు ముట్టలేదంటే ప్రమాదం తప్పిపోయిందని అందరూ అనుకుంటారు. నిజానికి ఇప్పుడే అతనికి ఎక్కువ ప్రమాదం. టపెంటడాల్, ట్రమడాల్, హెరాయిన్ వంటివన్నీ నల్లమందు కోవకు చెందినవి. వైద్యులు వీటిని ఓపియాయిడ్లు అంటారు. రోజూ వాడేవారి శరీరం ఎక్కువ మోతాదుకు అలవాటు పడుతుంది కానీ, కొన్ని రోజులు మానేయగానే ఆ తట్టుకునే శక్తి పోతుంది. అలాంటప్పుడు ఏ స్నేహితుడో పిలిచాడని ఒక్కరోజు పాత లెక్క ప్రకారమే మాత్రలు వేసుకుంటే, నెల కిందట అతనికి మామూలుగా ఉన్న మోతాదే ఈసారి ప్రాణం తీసేంతదవుతుంది. డీఅడిక్షన్ కేంద్రం నుంచి గానీ జైలు నుంచి గానీ బయటికి వచ్చిన మొదటి వారాల్లోనే ఇలాంటి మరణాలు ఎక్కువగా జరగడానికి కారణం ఇదే.

ఆ రాత్రి మీరు విన్నది అలసట గురక కాదు. ఓపియాయిడ్ మోతాదు మించినప్పుడు, ఊపిరి తీసుకొమ్మని మెదడు ఇచ్చే ఆజ్ఞ మందగిస్తుంది. మనిషి గుర్రుగుర్రుమంటూ, మధ్యమధ్య ఆగుతూ గురక పెడతాడు. పిలిచినా, రొమ్ము ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా లేవడు. కనుపాపలు ఆవగింజంత అయిపోతాయి. పెదవులు, గోళ్లు నల్లబడతాయి. అల్ప్రజొలాం వంటి నిద్రమాత్రలు గానీ సారాయి గానీ తోడైతే ఊపిరి ఇంకా త్వరగా పడిపోతుంది. మన దగ్గర చాలామంది ఇలాంటప్పుడు ముఖాన నీళ్లు కొట్టి, మజ్జిగో నిమ్మరసమో తాగించి, తెల్లారేసరికి దిగిపోతుందిలే అని దుప్పటి కప్పుతారు. స్పృహ లేని మనిషి నోట్లో పోసిన మజ్జిగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తెల్లారేదాకా ఆగితే మనిషి మిగలకపోవచ్చు.

మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే ముందుగా 108కి ఫోను చేసి, ఫోను స్పీకరులో పెట్టి పక్కన ఉంచండి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో ఐదు సెకన్లకు ఒకసారి ఊపిరి ఊదండి. ఛాతీ పైకి లేస్తున్నదో లేదో చూసుకోండి. ఊపిరి, కదలిక రెండూ లేకుంటే 108 వారు చెప్పినట్టు ఛాతీ మధ్యలో నొక్కడం కూడా మొదలుపెట్టాలి. ఊపిరి తనంతట తానే సరిగ్గా ఆడుతుంటే పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టి, అంబులెన్సు వచ్చేదాకా అక్కడే కూర్చోండి. ఇది పది నిమిషాల్లో తేలిపోయే వ్యవహారం. ఎర్రగుంట్ల నుంచి కడప రిమ్స్ ఆసుపత్రికి బండిలో పోయే సమయం అంతకంటే చాలా ఎక్కువ కనుక, ఇంట్లో ఉన్నవారు ఊదే ఊపిరే ఆ మధ్యకాలంలో ప్రాణాన్ని నిలుపుతుంది.

ఆసుపత్రిలో దీనికి ఇచ్చే విరుగుడు నాలోక్సోన్ అనే ఇంజెక్షను. మెదడులో ఓపియాయిడ్ అతుక్కున్న చోటు నుంచి దాన్ని తోసేసి, రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తెప్పిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఇది ఉంది. నిద్రమాత్రల మీద ఇది పనిచేయదు, కానీ రెండూ కలిసినప్పుడు ఓపియాయిడ్ భాగాన్ని తీసేసినా మనిషి గట్టెక్కే అవకాశం ఉంటుంది. ఓపియాయిడ్ లేని మనిషికి పొరపాటున ఇచ్చినా హాని ఉండదు. అయితే దీని ప్రభావం సుమారు 30 నుంచి 90 నిమిషాలే ఉంటుంది. లోపల మాత్ర ఇంకా మిగిలి ఉంటే ఊపిరి మళ్లీ మందగించవచ్చు. అందుకే కళ్లు తెరిచాడు కదా అని వెంటనే ఇంటికి తెచ్చుకోకూడదు.

చాలా ఏళ్ల కిందట, నేను రాత్రి డ్యూటీలో ఉన్న ఒక ఆసుపత్రి గేటు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు తమ స్నేహితుణ్ణి మోటారు సైకిలు మీది నుంచి దించి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు. మేము సంచితో ఊపిరి అందిస్తూనే నాలోక్సోన్ అడిగాం. అది బీరువాలో ఉంది, బీరువాకు తాళం ఉంది, తాళంచెవి ఇంకొక అంతస్తులో ఉంది. అది వచ్చేదాకా నేను ఆ పిల్లవాడి గోళ్ల రంగు చూస్తూ నిలబడ్డాను. ఇంజెక్షను పడిన రెండు నిమిషాలకు కళ్లు తెరిచి, అమ్మ ఎక్కడ అన్నాడు. ఆ మందు ఖరీదైనది కాదు. ఆ రాత్రి లేనిది డబ్బు కాదు, ఆ మందు అవసరపడుతుందని ఎవరూ ముందుగా ఆలోచించి ట్రేలో పెట్టకపోవడమే లోపం. మీ అర్జీ గురించి నేను చెప్పబోయేదంతా ఈ అనుభవం నుంచే వస్తుంది.

ర్యాలీలు వద్దని నేను అనను. అయితే ఫ్లెక్సీకి, టోపీలకు పెట్టిన డబ్బు ఆ సాయంత్రంతోనే అయిపోతుంది, ఊపిరి ఆగిన ఇంటికి అందులో ఏమీ చేరదు. అమెరికాలో అన్ని రకాల మత్తుమందుల మోతాదు మించి జరిగే మరణాలు (ఎక్కువ భాగం ఓపియాయిడ్లవే) 2023లో సుమారు 1 లక్షా 5 వేలు ఉండగా, 2024లో సుమారు 80 వేలకు తగ్గాయి. ఆ తగ్గుదలకు కారణాలు అనేకం. నాలోక్సోన్‌ను సామాన్యుల చేతికి విస్తృతంగా అందించడం వాటిలో ఒకటని నిపుణులు భావిస్తున్నారు. 2023లో అక్కడ దాని ముక్కు స్ప్రేను వైద్యుల చీటీ లేకుండా అమ్మడానికి అనుమతి ఇచ్చారు. ఓపియాయిడ్ మందుల కంపెనీలు, పంపిణీదారుల నుంచి వ్యాజ్యాల పరిష్కారంగా రాబట్టిన 5 వేల కోట్ల డాలర్లకు పైగా సొమ్ము ఏళ్ల తరబడి రాష్ట్రాలకు, స్థానిక ప్రభుత్వాలకు అందేలా ఏర్పాటైంది. అందులో కొంత పోలీసు వాహనాల వంటివాటికి మళ్లిందని అక్కడి ప్రజలే నిలదీశారు. డబ్బు రావడం ఒక ఎత్తయితే, అది ఎక్కడ ఖర్చవుతుందో చూసుకోవడం ఇంకొక ఎత్తు.

మన దగ్గర నిధులు లేవనడం సరికాదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2018లో మొదలుపెట్టిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక కింద చికిత్స, పునరావాస కేంద్రాలకు, వీధుల్లోకి వెళ్లి బాధితులను కలిసే కేంద్రాలకు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో వ్యసన చికిత్స విభాగాలకు గ్రాంట్లు ఇస్తారు. జిల్లాలో మాదకద్రవ్యాల నియంత్రణపై సమన్వయ కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. మీ ప్రాంతానికి ఇంకొక దారి కూడా ఉంది. మీ చుట్టూ సున్నపురాయి గనులు ఉన్నాయి. 2015లో గనుల చట్టాన్ని సవరించి ఏర్పాటు చేసిన జిల్లా ఖనిజ నిధికి, లీజుదారులు రాయల్టీకి అదనంగా అందులో 10 శాతమో 30 శాతమో, లీజు ఎప్పటిదన్నదాన్ని బట్టి, జమ చేయాలి. ఆ నిధిని గనుల ప్రభావిత ప్రాంతాల్లో ముందుగా ఖర్చుపెట్టవలసిన రంగాల్లో వైద్యం ఉంది. కేవలం భవనాలు కట్టడం కాదు, వాటిలో సిబ్బంది, పరికరాలు, మందులు కూడా ఉండేలా చూడాలని మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. మీ వీధి పెద్దలకు ఈ ఒక్క వాక్యం తెలిస్తే అర్జీ స్వరూపమే మారుతుంది.

కాబట్టి అర్జీలో ర్యాలీ ఒక్కటే రాయకండి. మీ ఊరి ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర ట్రేలో నాలోక్సోన్ ఎప్పుడూ ఉండాలని, గడువు తీరేలోగా మార్చాలని అడగండి. ఈ ప్రాంతంలో తిరిగే 108 వాహనాల్లో అది ఉందో లేదో లిఖితపూర్వకంగా చెప్పమనండి. మన దేశంలో అది వైద్యుల చీటీ మీద ఇచ్చే ఇంజెక్షను కనుక, మామూలుగా ఇంట్లో పెట్టుకునే వీలుండదు. అందుకే నర్సులకు, ఆశా కార్యకర్తలకు, లారీ స్టాండు దగ్గరి యువకులకు ఊపిరి ఊదే శిక్షణ ఇప్పించడం అంతకంత అవసరం. చీటీ లేకుండా టపెంటడాల్ అమ్మే దుకాణాల మీద ఔషధ నియంత్రణ అధికారుల తనిఖీ కూడా అడగవలసిందే. 2018లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చాక చాలా చోట్ల వాడకం టపెంటడాల్ వైపు మళ్లింది.

పోలీసు కేసు భయంతో చాలా కుటుంబాలు ఆసుపత్రికి ఆలస్యంగా వస్తాయి. క్యాజువాలిటీలో మెడికో లీగల్ కేసుగా నమోదు చేయడమంటే మీ పిల్లవాణ్ణి ముద్దాయిని చేయడం కాదు. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షను ప్రకారం, వాడకం లేదా కొద్దిపాటి పరిమాణానికి సంబంధించిన కేసు ఎదుర్కొంటున్న, మత్తుకు బానిసైన వ్యక్తి ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన కేంద్రంలో తనంతట తానుగా చికిత్సకు వచ్చి దాన్ని పూర్తి చేస్తే ప్రాసిక్యూషను నుంచి రక్షణ ఉంటుంది.

ఇక మీ అక్క కొడుకు విషయానికొస్తే, మానేశాడన్న సంతోషంతో ఊరుకోక, ఈ వారంలోనే రిమ్స్ మానసిక చికిత్స విభాగానికి తీసుకెళ్లండి. అవసరమని తోస్తే వారు బ్యుప్రెనార్ఫిన్ వంటి మందు (ఇదీ ఓపియాయిడ్ కోవదే) పర్యవేక్షణలో ఇస్తారు లేదా అది దొరికే కేంద్రానికి పంపుతారు. ఒక మత్తు మాని ఇంకొక మత్తు ఎందుకని బంధువులు అనవచ్చు, వారి మాట పట్టించుకోకండి. ఈ చికిత్సలో కొనసాగినంత కాలం మరణాల ముప్పు సగానికి దగ్గరగా తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. నడుము నొప్పికి వేరే మందులు, వ్యాయామం రాయించండి, ఎందుకంటే ఆ నొప్పి అలాగే ఉంటే లారీ ఎక్కిన మొదటి రాత్రే అతని చేయి పాత మాత్ర వైపు పోతుంది. మత్తు మానే విషయమై మాట్లాడటానికి ఎవరైనా కావాలంటే 14446, మనసు బాగాలేనప్పుడు 14416 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చు. కొన్నాళ్లపాటు అతన్ని గదిలో ఒంటరిగా గడియ పెట్టుకుని పడుకోనివ్వకండి. అతనితో లారీ మీద తిరిగే డ్రైవరుకు కూడా ఆ గురక ఎలా ఉంటుందో, అప్పుడు ఏం చేయాలో మీరే కూర్చోబెట్టి చెప్పండి.