అతుకు కనబడకూడదంటే

మేనకోడలికి ఆశీస్సులు.

మూడు ప్రొజెక్టర్లతో ఒకే వెడల్పాటి తెర నింపే పని నీ చేతికి వచ్చిందనీ, ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో చెప్పమనీ రాశావు. రెసొల్యూమ్ అరీనా, మ్యాడ్‌మ్యాపర్, టచ్‌డిజైనర్‌లలో నీకు చేయి తిరిగినదే వాడు. తేడా అక్కడ రాదు. రెండు బొమ్మలు కలిసే చోట అతుకు కనబడుతుందా లేదా అన్నది చాలావరకు కంప్యూటర్ తెరవక ముందే తేలిపోతుంది.

మూడూ ఒకే మోడల్, ఒకే లెన్స్ ఉన్నవి అడుగు. కదలని చోట బిగించు. బొమ్మను లెన్స్ షిఫ్ట్‌తోనే (ప్రొజెక్టర్ కదలకుండా లెన్స్‌ను మాత్రం జరిపే ఏర్పాటు) జరుపు, కీస్టోన్ (వంకర బొమ్మను ప్రొజెక్టరే లోపల సరిచేసే ఏర్పాటు) జోలికి పోకు. కీస్టోన్ పిక్సెళ్లను ఒకసారి నొక్కేస్తుంది, ఆ మీద సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను తెరకు తగ్గట్టు వంచే వార్పింగ్ మరోసారి సాగదీస్తుంది, సన్నని అక్షరాలు అలుక్కుపోతాయి. ఆటో ఐరిస్, డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో మోడ్ అన్నీ ఆపేయి. దృశ్యాన్ని బట్టి ఒక్కో ప్రొజెక్టర్ తనకు తోచినట్టు వెలుగు మార్చుకుంటూ పోతే నీ శ్రమంతా గంగపాలే. వెలిగించాక అరగంట వేడెక్కనిచ్చి, అప్పుడే సర్దడం మొదలుపెట్టు. వెలుగు, రంగు సరిచూసేటప్పుడు అన్నిటికంటే మసకగా ఉన్నదాని స్థాయికి మిగతావాటిని దించాలి. వేరే దారి లేదు.

అంచులు 20 శాతం దాకా ఒకదానిమీద ఒకటి పడనివ్వు. 1920 పిక్సెళ్ల వెడల్పులో అది 384. మూడు ప్రొజెక్టర్లకు రెండు అతుకులు కాబట్టి మొత్తం వెడల్పు 5760 కాదు, 4992. వీడియో తయారుచేసేవాళ్లకు ఈ అంకె మొదటి రోజే చెప్పు. చెప్పకపోతే 5760కే చేసి పంపుతారు, వాళ్లు గీసిన గుండ్రటి చక్రం తెరమీద కోడిగుడ్డులా కనబడుతుంది, మాట మాత్రం నీకు పడుతుంది.

ఇక మ్యాపింగ్, అంటే బొమ్మలను తెరమీద ఒకదానికొకటి కుదర్చడం. మధ్య ప్రొజెక్టర్‌కు ఆకుపచ్చ గళ్ల గ్రిడ్, పక్క రెండింటికీ ఎర్ర గ్రిడ్ ఇవ్వు. గీతమీద గీత సరిగ్గా పడిన చోట పసుపు వస్తుంది. పసుపు గీత పక్కన ఎర్ర అంచు తొంగిచూస్తే అక్కడ ఇంకా తేడా ఉన్నట్టు. తెర దగ్గరకు వెళ్లి చూడు, కంప్యూటర్ ముందు కూర్చుని ఊహించకు. చదును తెరకు నాలుగు మూలలు లాగితే దాదాపు సరిపోతుంది. వంపు తెర అయితే గ్రిడ్ బిందువులు, అంటే పట్టుకు లాగి బొమ్మను వంచే చుక్కలు, కావాలి. అయినా తక్కువ బిందువులతో మొదలుపెట్టి, తప్పదనుకున్న చోటే పెంచు. ఎక్కువ బిందువులతో కుస్తీ పట్టినకొద్దీ గీతలు అలల్లా వంకర్లు పోతాయి.

బ్లెండింగ్‌లో, అంటే అతుకు దగ్గర రెండు వెలుగులను కలిపేయడంలో, చాలామంది చిక్కుకునేది గామా దగ్గర. ఎంత సిగ్నల్‌కు ఎంత వెలుగు వస్తుందో చెప్పే లెక్క అది. అతుకు నడుమ రెండు వైపులా 50 శాతం సిగ్నల్ ఇస్తే వెలుగు సగం, సగం కలిసి నిండుతుందనుకుంటారు. గామా 2.2 అయితే సగం సిగ్నల్‌కు వచ్చే వెలుగు 22 శాతమే. రెండూ కలిసినా 44 దాటదు, నడుమ నల్లటి పట్టీ నిలబడుతుంది. సగం వెలుగు రావాలంటే సిగ్నల్ 73 శాతం దాకా ఉండాలి. అందుకే తెల్లటి తెర ఒక్కటే పెట్టి సంబరపడకు. లేత బూడిద, ముదురు బూడిద కూడా వేసి, పట్టీ నల్లగా ఉంటే సాఫ్ట్‌వేర్‌లో బ్లెండ్ గామా విలువ పెంచు, తెల్లగా మెరిస్తే తగ్గించు.

నలుపు చివరిది, మొండిది కూడా. పూర్తి నలుపు ఇచ్చినా ప్రొజెక్టర్ కొంత వెలుగు వదులుతూనే ఉంటుంది. అతుకు దగ్గర అది రెండింతలవుతుంది. గది దీపాలన్నీ ఆర్పి, అతుకు లేని భాగాల నలుపును దానితో సమానమయ్యేదాకా పెంచు. కాంట్రాస్ట్ కొంత పోతుంది, పోనీ. ఒక ప్రొజెక్టర్ పూర్తి శ్రేణి (0 నుంచి 255) సిగ్నల్‌లో, మరొకటి 16 నుంచి 235 శ్రేణిలో ఉంటే ఎంత తిప్పినా నలుపులు కలవవు, ఆ మెనూ ముందే చూసుకో.

అంతా కుదిరాక సెట్టింగులు రెండు చోట్ల దాచు. తీగలకు, పోర్టులకు అంకెలు రాయి. ఒక్కసారి అన్నీ ఆపి మళ్లీ వెలిగించి, వేడెక్కాక గ్రిడ్ చూడు. ఇల్లలకగానే పండగ కాదు.

ఇంతకీ తెర సంగతి రాయనే లేదు. మామూలు మ్యాట్ తెలుపు, గెయిన్ (తెర వెలుగును ఎంత బలంగా తిప్పికొడుతుందో చెప్పే అంకె) 1 దరిదాపుల్లో ఉంటే పైన చెప్పింది చాలు. గెయిన్ ఎక్కువ ఉన్న మెరిసే తెర అయితే నడుమ కుర్చీలో కనబడని అతుకు పక్క కుర్చీలోకి జరగగానే కనబడుతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ దిద్దలేదు. తెర ఇంకా కొనకపోతే వాళ్లను ఆపు. కొనేసి ఉంటే గెయిన్ ఎంతో, ప్రేక్షకులు ఎంత పక్కకు కూర్చుంటారో కనుక్కుని రాయి.

నీ మామయ్య