జ్యూరీకి వెళ్తానన్న మా అమ్మలుకి

అమ్మలూ,

నీకు జ్యూరీ సమన్లు, అదే కోర్టులో కేసు విని తీర్పు చెప్పడానికి మామూలు జనాన్ని పిలిచే కాగితం, వచ్చాయని, ఫ్రెండ్స్ అందరూ ఎలా తప్పించుకోవాలో నేర్పుతుంటే నువ్వు మాత్రం వెళ్తానన్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా గర్వంగా అనిపించింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. మన టెక్సాస్‌లో జ్యూరీలో కూర్చోవాలంటే 18 ఏళ్లు నిండాలి, సిటిజన్ అయ్యుండాలి, ఆ కౌంటీలోనే ఉంటుండాలి, చదవడం రాయడం రావాలి. ఫెలనీలో, అంటే పెద్ద నేరంలో గానీ, చిన్నదైనా సరే దొంగతనం కేసులో గానీ శిక్ష పడినవాళ్లు పనికిరారు. మొదటి రోజుకి 20 డాలర్లు, ఆ తర్వాత రోజుకి 58 ఇస్తారు. జ్యూరీకి వెళ్లావని ఉద్యోగం తీసెయ్యడానికి వీల్లేదు, అయినా మీ మేనేజర్‌కి ఇవాళే కాగితం చూపించు. స్వెట్టర్ పట్టుకెళ్లు.

ఇక నా భయమంతా సమన్లతో వచ్చే ఆ ఫారం గురించే.

1999లో నాకూ సమన్లు వచ్చాయి. అప్పటికి గ్రీన్ కార్డు వచ్చి ఏడాది. డ్రైవింగ్ లైసెన్స్ ఉంది కదా, ఆ లిస్టులోంచి నా పేరు తీశారు. పొయ్యి మీద కుక్కరు, చంకలో ఆరునెలల మీ అన్నయ్య, వాడు ఒకటే ఏడుపు. ఫారంలో ప్రశ్నలన్నీ వయసెంత, ఈ కౌంటీలోనే ఉంటావా, చదవడం వచ్చా లాంటివేలే అనుకుని వరసగా ఎస్, ఎస్, ఎస్ అని టిక్కులు పెట్టుకుంటూ పోయాను. అందులో మొదటిదే సిటిజనా అని. నేను చదవనేలేదు. మీ పెదనాన్న ఆఫీసుకెళ్తూ పోస్ట్‌లో వేసేశారు.

చెప్పిన రోజుకి వెళ్లి పెద్ద హాల్లో కూర్చున్నాను. జడ్జి వచ్చి ఎవరు ఉండాలో ఎవరు ఉండకూడదో పైకి చదవడం మొదలుపెట్టాడు. సిటిజన్ కానివాళ్లు ముందుకు రండి అన్నప్పుడు నా కాళ్లు చల్లబడిపోయాయి. సిటిజన్ కాకుండా సిటిజన్ని అని చెప్పుకుంటే దేశంలోంచి పంపించేస్తారని మా అపార్ట్‌మెంట్లో ఎవరో అనగా విన్నాను, అది నిజమే. అంతమంది ముందు లేచి నడిచాను. కౌంటర్లో ఒక పెద్దావిడ నా ఫారం తీసి, ఆ టిక్కు మీద అడ్డంగా గీత గీసి, పక్కన సరైన జవాబు నాచేతే రాయించి, తేదీ వేసి సంతకం పెట్టించింది. ఏమీ తిట్టలేదు. ఏమనుకుందో ఏమో గానీ, నేను అడగ్గానే కాపీ తీసిచ్చింది. ఆ కాపీని బీరువాలో పట్టుచీరల కింద దాచి, నాలుగేళ్లు పోలీసు కారు కనిపిస్తే చాలు అదే గుర్తొచ్చి హడలిపోయేదాన్ని.

2003లో నా సిటిజన్‌షిప్ అప్లికేషన్‌లో ఆ ప్రశ్నే వచ్చింది, ఎప్పుడైనా సిటిజన్నని చెప్పుకున్నావా అని. లాయరు దగ్గరికి వెళ్తే, ఎవరూ పట్టుకోకముందే నువ్వే లేచి చెప్పడం నిన్ను కాపాడింది అన్నాడు. ఇంటర్వ్యూలో ఉన్నదున్నట్టు చెప్పాను, ఆ కాపీ చూపించాను. వదిలేశారు. బయటికొచ్చి పార్కింగ్‌లో మీ పెదనాన్న భుజం మీద తల పెట్టి ఏడ్చాను.

నువ్వు సిటిజన్‌వే కదా, నీకెందుకు ఇదంతా అంటావేమో. అల్లుడు ఇంకా గ్రీన్ కార్డు మీదే ఉన్నాడు. రేపు అతని పేరుతో కూడా సమన్లు వస్తే చెత్తబుట్టలో పడెయ్యకండి, హడావుడిగా నింపెయ్యనూ వద్దు. సిటిజన్ కాదని రాసి వెనక్కి పంపండి.

పన్నెండేళ్లలోపు పిల్లలుంటే మినహాయింపు ఉందని నీ ఫ్రెండ్ చెప్పిన మాట నిజమే. కానీ అది నువ్వు వెళ్తే పిల్లని చూసుకునే దిక్కు లేనప్పుడు. మీ అత్తగారు ఇంట్లోనే ఉండగా ఆ గడిలో టిక్కు పెడితే అబద్ధమే అవుతుంది. చదువుకుంటున్నవాళ్లకి, మంచంలో ఉన్న మనిషిని చూసుకుంటున్నవాళ్లకి, 75 దాటినవాళ్లకి కూడా మినహాయింపు ఉంది. మీ పెదనాన్నకి 76. వెళ్లకపోయినా ఎవరూ ఏమీ అనరు, అయినా పోయినేడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లొచ్చారు. ఇంకొకామె ఇంగ్లిష్ రాదని చెప్పెయ్యమందట, నాకు ఒళ్లు మండింది. పదేళ్లుగా ఇంగ్లిష్‌లో ఉద్యోగం చేసి జీతం తీసుకుంటూ ఆ మాట ఎలా అంటారే?

మీ తాతయ్య పొలం గట్టు తగాదాలో వాయిదాలకి తిరిగి తిరిగి, కోర్టు మెట్లెక్కకూడదమ్మా అని మాకు చెప్తుండేవాడు. ఇండియాలో 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అనే చట్టంతో జ్యూరీ విచారణలు పోయాయి. ఇప్పుడు ఆయన మనవరాలు తీర్పు చెప్పేవాళ్ల వరసలో కూర్చోబోతోంది. జ్యూరీని ఎంచేటప్పుడు లాయర్లు ప్రశ్నలడిగి నిన్ను వద్దన్నా చిన్నబుచ్చుకోకు, అడిగినదానికి ఉన్నది చెప్పి రా.

మీ అత్తగారికి మోకాళ్ల నొప్పి కదా, సోమవారం పొద్దున ఆరున్నరకల్లా నేనూ వచ్చేస్తాను, చంటిదాన్ని ఇద్దరం చూసుకుంటాం. ఉప్మా తినేసి బయల్దేరు, కోర్టున్న మెకిన్నీ దాకా ట్రాఫిక్ ఉంటుంది. లోపల ఫోన్ ఆపెయ్యి, బయటికొచ్చాక చెయ్యి. కేసు గురించి ఒక్క మాట అడగను, మధ్యాహ్నం తిన్నావా లేదా అని మాత్రం అడుగుతాను.

మీ పెద్దమ్మ