విఎస్ కోడ్‌ను ఏ ఎక్స్‌టెన్షన్ నెమ్మది చేస్తోందో పట్టుకోవడం

మీ విఎస్ కోడ్ (కోడ్ రాసే ఎడిటర్)లో 40 ఎక్స్‌టెన్షన్లు, అంటే దానికి అదనపు సదుపాయాలు జోడించే చిన్న ప్రోగ్రామ్‌లు ఉన్నాయి, ఫైల్ సేవ్ చేసినప్పుడల్లా ఎడిటర్ ఆగిపోతోంది, ఒక్కొక్కటీ తీసి చూడకుండా దారి ఉందా అని అడిగారు. ఉంది.

ముందు తప్పు ఎక్స్‌టెన్షన్లదేనా అన్నది తేల్చుకోండి. కమాండ్ ప్యాలెట్‌లో (ఆదేశం పేరు టైప్ చేసి నడిపే పెట్టె) 'రీలోడ్ విత్ ఎక్స్‌టెన్షన్స్ డిజేబుల్డ్' ఇచ్చి చూడండి. అప్పుడూ ఆగుతుంటే వెతకాల్సింది వేరే చోట.

'షో రన్నింగ్ ఎక్స్‌టెన్షన్స్' తెరిచి, ఎక్కువ మిల్లీసెకన్లు ఉన్నదాన్ని తీసేయమని చాలామంది చెబుతారు. ఆ సలహా మీకు పనికిరాదు. అక్కడ కనిపించేది ఎక్స్‌టెన్షన్ మొదలవడానికి పట్టిన సమయం. ఎడిటర్ తెరుచుకోవడమే ఆలస్యమైతే ఆ అంకె చూడాలి. మీ ఇబ్బంది సేవ్ దగ్గర.

ఎక్స్‌టెన్షన్లు మామూలుగా 'ఎక్స్‌టెన్షన్ హోస్ట్' అనే ఒకే ప్రాసెస్‌లో నడుస్తాయి. ఒకటి దాన్ని పట్టుకుని కూర్చుంటే మిగతావన్నీ దాని వెనక ఆగాల్సిందే. అందుకే నెమ్మదిగా కనిపించేది ఒకటి, కారణం ఇంకొకటి అవుతుంది. నా టైప్‌స్క్రిప్ట్ ప్రాజెక్ట్‌లో అచ్చంగా ఇదే జరిగింది. సేవ్ కొట్టగానే లింటర్ (కోడ్‌లో తప్పులు పట్టి చూపించే ఎక్స్‌టెన్షన్) పేరు చూపిస్తూ ఆగిపోయేది, టీమ్ అంతా లింటర్‌నే తిట్టుకునేవాళ్ళం.

'స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్' నడిపితే అసలు సంగతి తెలిసింది. ఇది సగం ఎక్స్‌టెన్షన్లను తాత్కాలికంగా ఆపి, విండోను రీలోడ్ చేసి, ఇప్పుడు బాగుందా లేదా అని అడుగుతుంది. జవాబును బట్టి మళ్ళీ సగం. 40 ఉన్నా దాదాపు ఆరు రౌండ్లలో తేలిపోతుంది. ప్రతి రౌండ్‌లో నెమ్మదించే ఆ ఫైల్‌నే తెరిచి రెండు మూడుసార్లు సేవ్ చేశాకే జవాబివ్వండి. తొందరపడి ఒక్కసారి తప్పు చెప్పినా ఫలితం పక్కదారి పడుతుంది. మా దగ్గర దొరికింది కోడ్‌లోని టుడూ కామెంట్లను (తర్వాత చేయాల్సిన పనుల గుర్తులు) జాబితాగా చూపించే చిన్న ఎక్స్‌టెన్షన్. సేవ్ చేసిన ప్రతిసారీ ప్రాజెక్ట్ వాడే బయటి లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌తో సహా అంతా వెతికేది.

దొరికాక ఒకసారి రుజువు చూసుకోండి: ఆ రన్నింగ్ ఎక్స్‌టెన్షన్స్ పేజీలోనే పైన రికార్డ్ బటన్ ఉంటుంది. అది నొక్కి, సేవ్ చేసి, ఆపితే ఆ కాసేపట్లో ఎవరు ఎంత సమయం తిన్నారో కనిపిస్తుంది. లాంగ్వేజ్ సర్వర్లు (కోడ్ సూచనలు, తప్పుల వివరాలు అందించే ప్రోగ్రామ్‌లు) చాలావరకు వేరే ప్రాసెస్‌లో నడుస్తాయి కాబట్టి ఇందులో సరిగ్గా తేలవు, వాటికి విఎస్ కోడ్‌లోనే ఉన్న ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ చూడండి.

వెంటనే అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. మాకు సెట్టింగ్స్‌లో ఆ ఫోల్డర్‌ను మినహాయిస్తే చాలింది. మీదానికి అలాంటి సెట్టింగ్ లేకపోతే ఈ ఒక్క వర్క్‌స్పేస్‌లో (మీరు తెరిచిన ప్రాజెక్ట్‌లో) డిజేబుల్ చేసి, పైన రికార్డ్ చేసిన ప్రొఫైల్‌ను (ఎవరు ఎంత సమయం తిన్నారన్న నమోదు) సేవ్ చేసి దాని డెవలపర్‌కు పంపండి.