సందేహాలు – సమాధానాలు: చట్టసభ తన ఖర్చుకు తానే నిధులిచ్చుకుంటే ఏమనాలి?

సందేహం: అమెరికా కాంగ్రెస్ తన నిర్వహణకు ఏటా నిధులు ఇచ్చుకునే బిల్లు గురించిన వార్తల్ని తెలుగు చేస్తుంటాను. ఇంగ్లీషులో ‘అప్రోప్రియేషన్స్ బిల్లు’ అనే దాన్ని కొందరు ‘ద్రవ్య వినిమయ బిల్లు’ అంటున్నారు, కొందరు ‘కేటాయింపుల బిల్లు’ అంటున్నారు, ‘గ్రాంట్ల మంజూరు’ అన్నవారూ ఉన్నారు. సబ్‌కమిటీ ఆమోదించింది, కమిటీ ఆమోదించింది, సభ ఆమోదించింది, కాంగ్రెస్ ఆమోదించింది అంటూ ఒకే బిల్లును నాలుగు సార్లు ఆమోదించాల్సి వస్తోంది. ఇది సరైన వాడుకేనా? ‘కంటిన్యూయింగ్ రిజల్యూషన్’ను ‘కొనసాగింపు తీర్మానం’ అనవచ్చా? ‘రైడర్’కు తెలుగు మాట ఉందా?

సమాధానం: ముందు ‘ద్రవ్య వినిమయం’ సంగతి చూద్దాం. వినిమయం అంటే మార్పిడి. వస్తు వినిమయం అన్నప్పుడు మనకు తోచే అర్థం అదే. ఫలానా పనికి ఇంత డబ్బు అని విడిగా తీసిపెట్టడమనే అర్థం ఆ మాటలో లేదు. ఇదే బిల్లును హిందీలో ‘వినియోగ్ విధేయక్’ అంటారు. అర్థానికి అది దగ్గర. అయినా మన శాసనసభల్లో, పత్రికల్లో పాతుకుపోయిన మాట కాబట్టి, మన రాజ్యాంగం 114వ అధికరణం కింద వచ్చే బిల్లుకు దాన్ని కదపనక్కర్లేదు. దాన్ని తీసుకెళ్లి అమెరికాకు అంటగట్టడంతోనే చిక్కంతా.

ఆ మాట వినగానే తెలుగు చదువరి మనసులో మన పద్ధతి మెదులుతుంది. ప్రభుత్వం పద్దులు పెడుతుంది, లోక్‌సభ వాటిని ఒప్పుకోవచ్చు, తగ్గించవచ్చు, తిరస్కరించవచ్చు, పెంచడానికి మాత్రం వీల్లేదు. పద్దులన్నీ ఒప్పుకున్నాక ఒక్క బిల్లుగా కట్టి ఆమోదిస్తారు. లోక్‌సభ, రాజ్యసభల ఖర్చులు కూడా అందులోని పద్దులే తప్ప వాటికి ప్రత్యేక బిల్లు లేదు. అమెరికాలో ఏటా రావలసిన కేటాయింపుల బిల్లులు 12. వాటిలో ఒకటి పూర్తిగా శాసన విభాగానిదే. అంకెలు రాసేది సభ్యులే, కాబట్టి పెంచడమూ తగ్గించడమూ వారి చేతిలోనే ఉంది. ప్రభుత్వం అడిగితే సభ ఒప్పుకోవడమనే తంతు అక్కడ లేదు కనుక ‘పద్దు’, ‘గ్రాంటు’, ‘డిమాండు’ మూడూ అక్కడ అతకవు. ‘మంజూరు’ కూడా అంతే. ఒకరు కోరితే పైవారు ఒప్పుకుని ఇచ్చేదే మంజూరు. తనకు తానే ఇచ్చుకునేదాన్ని మంజూరు అంటే వెక్కిరింపులా వినిపిస్తుంది. వ్యాఖ్య రాసేవారికి అది పనికొస్తుందేమో గాని వార్తకు పనికిరాదు.

అందువల్ల ‘శాసన విభాగ కేటాయింపుల బిల్లు’ అని రాయండి. ‘కాంగ్రెస్ ఖర్చుల బిల్లు’ అంటే సగమే చెప్పినట్టు. ప్రతినిధుల సభ, సెనేట్ అనే రెండు సభలతో పాటు కాపిటల్ పోలీసు, కాపిటల్ భవనాల నిర్వహణ చూసే ఆర్కిటెక్ట్ కార్యాలయం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, బడ్జెట్ లెక్కలు కట్టే కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీసు, ప్రభుత్వ ఖర్చును తనిఖీ చేసే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీసు, ప్రచురణల కార్యాలయం, చివరికి బొటానిక్ గార్డెన్ కూడా ఈ బిల్లు మీదే ఆధారపడతాయి. మొత్తం 700 కోట్ల డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది. 12 బిల్లుల మొత్తంలో ఇది అర శాతం కూడా కాదు. అంకెలు రాసేటప్పుడు బిలియన్‌ను 100 కోట్లు, మిలియన్‌ను 10 లక్షలు, ట్రిలియన్‌ను లక్ష కోట్లు చేసి రాయండి. ‘7 బిలియన్ డాలర్లు’ చూసి 7 కోట్లనుకునేవారు ఇంకా ఉన్నారు.

ఇక మీ నాలుగు ఆమోదాలు. తప్పు ‘ఆమోదం’ అన్న మాటలో లేదు, ప్రతి మెట్టుకూ ఒకటే క్రియ వాడటంలో ఉంది. మెట్లు వరసగా చూస్తే క్రియలు వాటంతటవే దొరుకుతాయి. శాసన విభాగం తన అంచనాలను అధ్యక్షుడికి అక్టోబరు 16కు ముందే పంపాలి. ఆయన వాటిని ఒక్క అంకె కూడా మార్చకుండా తన బడ్జెట్‌లో చేర్చాలన్నది చట్టం. కాబట్టి ‘అధ్యక్షుడు చట్టసభకు ఇంత ప్రతిపాదించారు’ అన్న వాక్యం తప్పు. ‘శాసన విభాగం కోరిన మొత్తాన్ని బడ్జెట్‌లో చేర్చారు’ అనాలి. తర్వాత రెండు సభల కేటాయింపుల కమిటీలు ఉన్న మొత్తాన్ని తమ 12 సబ్‌కమిటీలకు పంచుతాయి. ఇక్కడ ‘వాటాలు వేశాయి’ అంటే చాలు. సబ్‌కమిటీ ఆయా కార్యాలయాల అధిపతులను పిలిచి విచారిస్తుంది, ముసాయిదాను దిద్దుతుంది, ‘పై కమిటీకి పంపుతుంది’. పూర్తి కమిటీ మళ్లీ దిద్ది ‘సభకు నివేదిస్తుంది’. సభ ‘ఆమోదిస్తుంది’. రెండో సభ కూడా అదే పాఠాన్ని, అక్షరం తేడా లేకుండా ఒప్పుకున్నప్పుడే ‘కాంగ్రెస్ ఆమోదించింది’ అనాలి. అధ్యక్షుడు సంతకం చేస్తే ‘చట్టమైంది’. సబ్‌కమిటీ దగ్గరే ‘నిధులకు ఆమోదం’ అని శీర్షిక పెట్టేస్తే, ఆరు నెలల తర్వాత అదే డబ్బు మళ్లీ వార్తయినప్పుడు చదువరి అది రెండో విడత అనుకుంటాడు.

‘బిల్లు పాసైంది’ అన్న మాటనూ ఇక్కడ వదిలేయమంటాను. నిధుల వార్తలో ఆ మాట కనిపిస్తే మనవాళ్లకు ట్రెజరీలో కాంట్రాక్టరు బిల్లు పాసైన దృశ్యమే ముందు తోస్తుంది.

కమిటీ బిల్లుతో పాటు ఒక నివేదిక కూడా ఇస్తుంది. ఫలానా కార్యాలయం ఫలానా పని మీద ఇన్ని రోజుల్లో వివరణ ఇవ్వాలి వంటివి అందులోనే ఉంటాయి. అది చట్టపాఠం కాదు. వచ్చే ఏడాది మళ్లీ అదే కమిటీ ముందు నిలబడాలి కాబట్టి కార్యాలయాలు దాన్ని పాటిస్తాయి. అందుకని ‘చట్టం ఆదేశించింది’ అనకుండా ‘కమిటీ నివేదిక కోరింది’ అనండి.

అంకెల దగ్గర అనువాదకులు తరచూ పడే గొయ్యి ఒకటుంది. నీ జోలికి నేను రాను, నా జోలికి నువ్వు రావద్దు అన్న మర్యాద ఈ బిల్లు విషయంలో రెండు సభల మధ్య నడుస్తోంది. ప్రతినిధుల సభ తన పాఠంలో సెనేట్ ఖర్చులను, సెనేట్ కార్యాలయ భవనాల నిర్వహణను అసలు రాయదు. అవి సెనేట్ తన పాఠంలో రాసుకుంటుంది. ప్రతినిధుల సభ సొంత ఖర్చు అంకెల్ని సెనేట్ కూడా ముట్టుకోదు. ఫలితంగా ప్రతినిధుల సభ ఆమోదించిన పాఠంలో కనిపించే మొత్తం చివరి చట్టంలోని మొత్తం కన్నా వంద కోట్ల డాలర్లకు పైగా తక్కువ ఉంటుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘సెనేట్ భారీగా పెంచింది’ అని రాస్తే అబద్ధమే. ‘సెనేట్ పద్దులు కాకుండా’ అన్న మూడు మాటలు చేర్చితే గండం గడుస్తుంది. (పద్దు అన్న మాట వద్దని నేనే వాడాననకండి. లెక్కలోని ఒక్కో వరస అనే మామూలు అర్థంలో అది ఎక్కడైనా చెల్లుతుంది. శాసనసభ పరిభాషగా మాత్రమే వద్దన్నాను.)

‘జీతాలు పెంచుకున్నారు’ అన్న శీర్షిక ఇంతకన్నా పెద్ద పొరపాటు. సభ్యుల జీతం ఈ బిల్లులో ఉండదు. 1980ల తొలినాళ్ల నుంచి అది శాశ్వత కేటాయింపు, ఏటా ఓటు అక్కర్లేకుండా ఖజానా నుంచి వెళ్తుంది. మామూలు సభ్యుడికి ఏడాదికి 1,74,000 డాలర్లు. 2009 నుంచి ఆ అంకె కదల్లేదు. కదలకపోవడానికీ కారణం ఈ నిధుల చట్టాలే. 1989 నాటి చట్టం ప్రకారం ఏటా దానంతటది రావలసిన పెంపును ఈ ఏడాదికి ఆపుతున్నామని ఒక వాక్యం వాటిలో పెడుతూ వస్తున్నారు. అంటే జీతం గురించి బిల్లులో ఉండేది పెంపు కాదు, పెంపు మీద అడ్డుకట్ట. పైగా సభ్యుల జీతాన్ని మార్చే చట్టమేదైనా మధ్యలో ప్రతినిధుల సభ ఎన్నిక జరిగాకే అమల్లోకి రావాలని 27వ రాజ్యాంగ సవరణ చెబుతోంది. 1789లో ప్రతిపాదించిన ఆ సవరణ 1992లో గాని ఖరారు కాలేదు.

బిల్లులో నిజంగా ఉండేది ప్రతినిధి కార్యాలయం నడపడానికిచ్చే సొమ్ము. ఇంగ్లీషులో ‘అలవెన్స్’ అని ఉంది కదా అని ‘భత్యం’ అంటే, మన వాడుకలో భత్యం మనిషి జేబులోకి వెళ్లేది. ఇది అలా వెళ్లదు. సిబ్బంది జీతాలు, నియోజకవర్గంలో ఆఫీసు అద్దె, అధికారిక ప్రయాణాలు, ఉత్తరాల ఖర్చు, ఇవే దీని పద్దులు. సొంతానికి వాడకూడదు. ‘కార్యాలయ నిర్వహణ నిధి’ అనండి. ఇది 435 మందికీ సమానం కాదు. సిబ్బంది భాగం అందరికీ ఒకటే గాని, వాషింగ్టన్ నుంచి దూరం, స్థానిక అద్దెలు, నియోజకవర్గంలోని ఇళ్ల చిరునామాల సంఖ్యను బట్టి మిగతాది మారుతుంది.

కేటాయింపు, ఖర్చు ఒకటి కాదన్నది మరో ముఖ్యమైన తేడా. కేటాయింపుల చట్టం ఇచ్చేది డబ్బు కాదు, చెల్లింపు బాధ్యత నెత్తిన వేసుకునే అధికారం. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సెప్టెంబరు 28న కంప్యూటర్లకు ఆర్డరు ఇచ్చి నవంబరులో డబ్బు కట్టిందనుకోండి. అక్కడ ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 30తో ముగుస్తుంది కాబట్టి ఆ చెల్లింపు పాత ఏడాది కేటాయింపులోంచే పోతుంది. ఆర్డరు అక్టోబరు 1న ఇస్తే పాత ఏడాది సొమ్ము దానికి పనికిరాదు. ‘కేటాయించింది’, ‘ఆర్డరు ఇచ్చింది’ లేదా ‘ఒప్పందం చేసుకుంది’, ‘చెల్లించింది’ అని మూడు దశలకు మూడు మాటలున్నాయి. గడువులోగా ఒప్పందం కుదరని సొమ్ముకు మన ఆఫీసుల్లో చక్కటి మాట ఉండనే ఉంది: నిధులు మురిగిపోయాయి. ‘కాలం చెల్లాయి’ అని కొత్తది కల్పించనక్కర్లేదు.

మీ ‘కొనసాగింపు తీర్మానం’ నాకు నచ్చలేదు. తెలుగులో తీర్మానం అంటే సభ అభిప్రాయం. దానికి చట్టబలం ఉంటుందని ఎవరూ అనుకోరు. ఇక్కడి రిజల్యూషన్ ఉభయ సభలూ ఒప్పుకుని అధ్యక్షుడు సంతకం చేసే అసలైన చట్టం. అక్టోబరు 1 నాటికి బిల్లులు తయారు కాకపోతే, దాదాపు పాత ఏడాది స్థాయిలోనే ఖర్చు సాగనిచ్చేది ఇది. ‘తాత్కాలిక నిధుల బిల్లు’, సంతకం తర్వాత ‘తాత్కాలిక నిధుల చట్టం’ సరిపోతాయి. ఏడాది పొడుగునా అదే సాగితే ‘తాత్కాలిక’ తీసేసి ‘పాత స్థాయి నిధుల చట్టం’ అనండి. 2025 మార్చి 15న సంతకమైంది అలాంటిదే. మన ‘ఓట్ ఆన్ అకౌంట్’ మాత్రం వాడవద్దు. పూర్తి బడ్జెట్ ఆమోదం అయ్యేలోగా కొన్ని నెలలకు ముందుగా తీసుకునే అనుమతి అది, పేచీ వల్ల పుట్టేది కాదు. అనేక బిల్లుల్ని కలిపి ఒకే ఓటుకు పెడితే దానికి ‘గంపగుత్త బిల్లు’ ఎంతో బాగుంటుంది.

నిధులు లేక ఆఫీసులు ఆగితే ‘షట్‌డౌన్’ అనే రాయండి, అందరికీ తెలుసు. ‘ప్రభుత్వం కూలింది’ అనడం ప్రమాదం. ద్రవ్య బిల్లు వీగిపోతే మంత్రివర్గం దిగిపోవడం మన పద్ధతి, అక్కడ ఎవరూ దిగిపోరు. ‘కాంగ్రెస్ మూతపడింది’ అనే ముందు కూడా ఒక్క క్షణం ఆగండి. 2018 డిసెంబరు 22 నుంచి 35 రోజులు షట్‌డౌన్ నడిచింది గాని, శాసన విభాగ బిల్లు మరో రెండిటితో కలిసి ఆ సెప్టెంబరు 21నే చట్టమైంది కనుక చట్టసభ నిధులకు లోటు లేదు. 2025 అక్టోబరు 1న మొదలైన షట్‌డౌన్‌లో అలా కాదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తలుపులు మూసింది, కాపిటల్ పోలీసులు జీతం అందకుండానే కాపలా కాశారు. తన పని ముందు చక్కబెట్టుకోవడం చట్టసభకు అన్నిసార్లూ కలిసిరాదు కూడా. 1995 అక్టోబరు 3న అధ్యక్షుడు క్లింటన్ ఈ బిల్లును వీటో చేశారు. ఆయన అభ్యంతరం అంకెల మీద కాదు, మిగతా దేశం బిల్లులు పెండింగులో ఉండగా కాంగ్రెస్ తన బిల్లును ముందు పూర్తి చేసుకోవడం మీద. ఇంచుమించు అదే బిల్లు మీద నవంబరులో సంతకం చేశారు. ఇలాంటిచోట ‘తిప్పి పంపారు’ కన్నా ‘వీటో చేశారు’ మేలు. అక్కడ వీటోను దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. మన రాష్ట్రపతి తిప్పి పంపిన బిల్లుకు మామూలు మెజారిటీ చాలు.

చివరిగా రైడర్. నిధులతో సంబంధం లేని నిబంధనను నిధుల బిల్లుకు తగిలిస్తే దాన్ని అలా అంటారు. ‘కొసరు నిబంధన’ అని వాడి చూడండి. కొనుక్కున్నదాని వెంట వచ్చేదే కొసరు కదా. కేటాయింపుల బిల్లులో కొత్త చట్టం చొప్పించరాదన్న నియమం ప్రతినిధుల సభకు ఉంది గాని, చర్చకు ముందు ఆ అభ్యంతరాన్ని పక్కన పెట్టే వెసులుబాటూ ఆ సభకే ఉంది. 2025 నవంబరు 12న షట్‌డౌన్‌కు తెరదించిన చట్టంలో శాసన విభాగ భాగంలోనే ఇలాంటి కొసరు ఒకటి దూరింది. తమకు తెలియకుండా తమ ఫోన్ రికార్డులు తీసుకుంటే ప్రభుత్వం మీద దావా వేసి కనీసం 5 లక్షల డాలర్లు రాబట్టుకునే హక్కు సెనేటర్లకు ఇచ్చింది అది. వారం తిరిగేసరికి దాన్ని రద్దు చేయాలంటూ ప్రతినిధుల సభ 426–0 ఓట్లతో వేరే బిల్లు ఆమోదించింది. ఆ వార్త రాసేటప్పుడు ‘రద్దు చేసింది’ అనకండి. ఒక సభ ఓటేసినంత మాత్రాన చట్టంలోని నిబంధన రద్దు కాదు. ‘రద్దుకు ఓటేసింది’ అనండి.