కడప ఎండల్లో సీతాకోకచిలుకలా? చెలిమ దగ్గర కూర్చోండి

కడప చుట్టుపక్కల ఎండాకాలంలో సీతాకోకచిలుకలు కనిపిస్తాయా, ఫోటోలు తీయాలంటే ఏ కెమెరా కొనాలి అని అడిగారు. మన జిల్లాలో వాటిని చూడడానికి ఎండాకాలాన్ని మించిన కాలం లేదని నా గట్టి నమ్మకం. ఈ మాట చెబితే చాలామంది ఒప్పుకోరు. సీతాకోకచిలుకలంటే కేరళకో కొడగుకో వెళ్లాలి, ఇక్కడ బండలూ ముళ్లకంపా తప్ప ఏముంది అంటారు. వానలు పడ్డాక వాటి సంఖ్య పెరుగుతుంది, కాదనను. కానీ అప్పుడు కొండంతా తేమే, ఒక్కొక్కటి ఒక్కో దిక్కున తిరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వంకలు ఎండిపోయి, తడి అనేది ఎక్కడో ఒకటి రెండు చోట్ల మిగులుతుంది. దాహం వేసినవి అక్కడికే రావాలి. మీరు తిరగనక్కర్లేదు, ఓపికగా కూర్చుంటే చాలు.

పోయిన మే నెలలో మా మామయ్యా నేనూ సిద్దవటం దాటి లంకమల కొండల అంచుకు వెళ్లాం. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ కనిపించిన ప్రాంతం అది. అటు వెళ్లొచ్చానంటే అందరూ ఆ పిట్ట సంగతే అడుగుతారు. రాత్రిపూట తిరిగే, ఎవరికీ కనబడని పిట్ట కోసం అంత ఆరాటపడేవాళ్లు పట్టపగలు కళ్లముందు ఎగిరేవాటిని పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కొండ కిందికి చేరేసరికి ఇంకా ఎండ ముదరలేదు. ఎండిన వంకలో ఒక మేకల కాపరి తాత చెలిమ లోతు చేస్తున్నాడు. చేతులతో తోడిన తడి ఇసుకను గట్టున పోశాడు. మేకలు తాగి పక్కకు తప్పుకున్నాయో లేదో, ఆ ఇసుక మీద కామన్ ఎమిగ్రెంట్లు అనే లేత పసుపు రంగు సీతాకోకచిలుకలు వాలడం మొదలుపెట్టాయి. రేల చెట్టు ఆకులు తిని పెరిగేవి ఇవే. ముందు రెండు మూడు, కాసేపటికి గుంపు. అన్నీ రెక్కలు మూసుకుని, దాదాపు ఒకే వైపుకు తిరిగి కూర్చున్నాయి. వాటి మధ్యలోకి ఒక టెయిల్డ్ జే వచ్చింది. నల్లటి రెక్కల నిండా పచ్చని మచ్చలు. పూల మీద ఉన్నప్పుడు ఇది ఒక్క క్షణం రెక్కలు ఆడించడం ఆపదు, ఫోటో తీసేవాళ్లకు చుక్కలు చూపిస్తుంది. ఇక్కడ మాత్రం నిలకడగా కూర్చుంది.

నేను ఇసుకలో బోర్లా పడుకుని, మోచేతులు ఆనించి, ఫోను నేలకు తాకించి కొద్దికొద్దిగా జరిగాను. తెర మీద దాని తొండం దారపు పోగంత సన్నగా కనిపించింది. ఇసుక రేణువుల సందుల్లోకి దాన్ని దించుతోంది, తీస్తోంది, మరో సందు వెతుకుతోంది. వెనక పొట్ట చివర ఒక నీటిబొట్టు ఊరి, పెరిగి, రాలిపోయింది. కొద్ది క్షణాలకు మరొకటి. తాగుతూనే నీళ్లు వదిలేస్తోందన్నమాట. దానికి కావలసింది నీరు ఒక్కటే కాదు, అందులో కరిగిన ఉప్పు కూడా. ఉప్పును ఒంట్లో ఉంచుకుని మిగిలిన నీటిని బయటికి పంపేస్తుంది. ఇలా గుంపుగా తడి మీద వాలేవి ఎక్కువగా మగవే. అవి కూడబెట్టిన ఉప్పు జత కట్టినప్పుడు ఆడవాటికి, వాటి నుంచి గుడ్లకు చేరుతుంది.

తాత నన్ను చూసి, "నీళ్ల దగ్గరకన్నా మేకలు మూత్రం పోసిన చోట చూడమ్మా, అక్కడ ఇంకా ఎక్కువ వాలతాయి" అన్నాడు. మేకలు నిలబడిన నీడకు వెళ్లి చూస్తే నిజంగానే ఒక బారోనెట్ కూర్చుని ఉంది. పైన నారింజ ఎరుపు, దాని మీద నల్లని గీతలు. తునికి ఆకు తిని పెరిగే ఈ సీతాకోకచిలుక మన పొడి అడవులకు పెట్టిన నగ. దగ్గరికి వెళితే లేచి, నాలుగడుగుల అవతల వాలి, మళ్లీ అదే తడి మరక మీదికి వచ్చింది. ఉప్పు ఎక్కడ ఉందో దానికి తెలుసు, అది ఎక్కడ వాలుతుందో తాతకు తెలుసు. ఇలాంటి మనుషులను అడగకుండా ఇంటర్నెట్‌లో స్థలాల జాబితాలు వెతికేవాళ్లంటే నాకు విసుగు.

వేళ చాలా ముఖ్యం. పొద్దున్నే రెక్కలు పరిచి ఎండ కాచుకుంటాయి, పైరెక్కల రంగులు కావాలంటే అదే సమయం. పదకొండు దాటితే 42 డిగ్రీల ఎండలో అవి కూడా పొదల కింద దూరతాయి. మీ నీడ వాటి మీద పడకూడదు, పడిన మరుక్షణం ఎగిరిపోతాయి. రెక్కలు మూసి కూర్చున్నప్పుడు కెమెరాను రెక్కకు సరిగ్గా ఎదురుగా, సమాంతరంగా పట్టుకుంటే రెక్కంతా స్పష్టంగా వస్తుంది. పైనుంచి నిలబడి తీసిన ఫోటోలో ప్రాణం ఉండదు, కంటి ఎత్తుకు దిగాలి.

ఎండాకాలపు ఫోటోల్లో మరో విశేషం ఉంది. వానాకాలంలో పీకాక్ ప్యాన్సీ రెక్కల అడుగున కళ్లలాంటి మచ్చలు స్పష్టంగా ఉంటాయి. ఎండాకాలపు తరంలో అవి మాసిపోయి, రెక్క అంచులు కొసదేలి, అడుగుభాగం అచ్చంగా ఎండుటాకే. జాతి ఒకటే, కాలాన్ని బట్టి వేషం మారుతుంది. ఎండాకాలంలో ఒకటీ, వానలొచ్చాక ఒకటీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి, ఏ కెమెరా ప్రకటనా ఇవ్వని ఆనందం అది.

ఇక కొండదాకా వెళ్లలేనివాళ్లు చీనీ (బత్తాయి) తోటల్లోకి వెళ్లండి. పులివెందుల వైపు మామయ్యకు తోట ఉంది. లైమ్ బటర్‌ఫ్లై చీనీ, నిమ్మ, కరివేపాకు చిగుళ్ల మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు పిట్ట రెట్టలా కనిపిస్తుంది, పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు బయటికి తీసి ఘాటైన వాసన వదులుతుంది. నర్సరీ మొక్కలకు ఈ పురుగు నష్టమే, ఆ విషయంలో మామయ్యతో వాదించను. కానీ ఏపుగా పెరిగిన చెట్టు నాలుగు చిగుళ్లు పోయినంత మాత్రాన కాపు తగ్గదు. అయినా పురుగు కనబడగానే తోటంతా మందు కొట్టేస్తారు, తేనెటీగలతో సహా అన్నీ పోతాయి. చిన్న మొక్కల మీదివి చేత్తో ఏరేయండి, పెద్ద చెట్ల జోలికి వెళ్లకండి అని ఎన్నాళ్లుగానో పోరుతున్నాను. ఈ ఏడాది తోట చివరి వరస మందు లేకుండా వదిలేశాడు.

కోనల్లో స్నానాలు చేసి షాంపూ పొట్లాలు, ప్లాస్టిక్ గ్లాసులు అక్కడే పారేసేవాళ్లకు కూడా ఒక మాట. ఎండాకాలంలో ఆ చిన్న మడుగే చుట్టూ ఉన్న ప్రాణులన్నింటికీ ఆధారం. అందులో సబ్బు కలపకండి. కదలకుండా ఉంటాయని సీతాకోకచిలుకలను పట్టి ఫ్రిజ్‌లో పెట్టి ఫోటోలు తీసేవాళ్లు ఉన్నారని విన్నాను. అలాంటి ఫోటో ఎంత అందంగా ఉన్నా నేను మెచ్చుకోను.

కెమెరా సంగతికి వస్తే, ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోను చాలు. ఒక వేసవి దానితో తిరిగాక కూడా ఆసక్తి తగ్గకపోతే 90 లేదా 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ తీసుకోండి, కాస్త దూరం నుంచే దగ్గరి ఫోటో తీయవచ్చు. మోకాళ్లు కాలకుండా పాత గోనెసంచి, తాగడానికి సరిపడా నీళ్లు వెంట ఉంచుకోండి. లంకమల అభయారణ్యం లోపలికి వెళ్లాలంటే ముందే అటవీశాఖ అనుమతి అడగండి. తొలకరి పడితే ఎక్కడికక్కడ తడి దొరికి ఈ గుంపులు చెదిరిపోతాయి, కాబట్టి వెళ్లేదేదో మే నెల దాటకముందే వెళ్లండి.