పొగ లోపలికి పీల్చకపోయినా పైపుతో ముప్పు ఉంటుందా?

ప్రశ్న: నా వయసు 63. మర్రిగూడ వైపు పుట్టి పెరిగాను. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నాం. పాతికేళ్లు సిగరెట్లు కాల్చి, తొమ్మిదేళ్ల కిందట మానేసి పైపుకు మారాను. మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా ఒకటో రెండో తెస్తాడు. అలా పద్నాలుగు పైపులు పోగయ్యాయి. ఎక్కువ బ్రయర్ చెక్కవి, తెల్లటి మీర్‌షామ్ మట్టిది ఒకటి, మొక్కజొన్న బెండుతో చేసినవి రెండు. ఒక్కో పైపుకు ఒక్కో పొగాకు పెట్టుకున్నాను. పొద్దున వర్జీనియా, మధ్యాహ్నం బర్లీ, వాన పడిన సాయంత్రం లటాకియా, మనవలు ఇంట్లో ఉంటే చెర్రీ వాసన వచ్చే కావెండిష్. రోజుకు మూడు నాలుగు సార్లు తాగుతాను. పొగ లోపలికి పీల్చను, నోట్లో ఉంచి వదిలేస్తాను. రెండు నెలలుగా కారం తగిలితే అంగిలి మండుతోంది. అద్దంలో చూస్తే తెల్లగా, మధ్య మధ్య ఎర్ర చుక్కలతో ఉంది. కింది పెదవి లోపల ఎడమవైపు చిన్న తెల్ల మచ్చ కూడా ఉంది. పైపు సిగరెట్ కంటే మేలంటారు, నిజమేనా? పొగాకు రకం మారిస్తే సరిపోతుందా? బీపీకి మాత్రలు వాడుతున్నాను. పళ్లు చిన్నప్పటి నుంచీ ఫ్లోరైడ్ పళ్లే.
– ఒక పాఠకుడు, నల్లగొండ

సలహా: ముందు చేయాల్సిన పని చెప్పి, తర్వాత మీ ప్రశ్నలకు వస్తాను. ఈ వారం దాటకుండా నోరు చూపించుకోండి. అంగిలి కోసం కాదు, పెదవి లోపలి మచ్చ కోసం. ఉత్తరంలో మీరు దాన్ని ఒక్క మాటలో దాటేశారు గానీ నా చూపు అక్కడే ఆగిపోయింది. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో దంత వైద్యులకు గానీ, చెవి ముక్కు గొంతు డాక్టరుకు గానీ చూపించవచ్చు. నార్కట్‌పల్లిలోని దంత వైద్య కళాశాల కూడా మీకు దగ్గరే. నోటి వ్యాధులు చూసే విభాగం ఎక్కడ అని అడిగి వెళ్లండి.

అంగిలి సంగతి. మీరు చెప్పినదాన్ని బట్టి అది పైపు తాగేవారిలో మేము తరచుగా చూసేదే. టార్చి వేసి చూస్తే అంగిలి నీళ్లింకిన చెరువు అడుగులా తెల్లగా, నెర్రెలు బారి ఉంటుంది. ఆ పెచ్చుల నడుమ ఆవగింజంత ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. అంగిలి నిండా చిన్న చిన్న లాలాజల గ్రంథులు ఉంటాయి. రోజూ వేడి పొగ తగిలి వాటి నోళ్లు వాచి, ఆ చుక్కలుగా పైకి తేలతాయి. చుట్టూ ఉన్న పొర వేడికి ఓర్చుకోవడానికి మందమై తెల్లబడుతుంది, పార పట్టిన చేతికి కాయలు కాసినట్టే. ఇది క్యాన్సర్‌గా మారడం అరుదు. పైపు ఆపితే కొన్ని వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో అంగిలి చాలావరకు మామూలు రంగుకు వస్తుంది. ఒక్క మాట చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో కొందరు ఆడవాళ్లు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు, దాన్ని అడ్డపొగ అంటారు. వాళ్లలో అంగిలి మార్పులు ఇంతటితో ఆగవు, క్యాన్సర్ దాకా వెళతాయి. మీ పైపులో నిప్పు గిన్నెలో, నోటికి జానెడు దూరంలో ఉంది కాబట్టి మీకు అంత ముప్పు లేదు. కానీ అంగిలికి తగిలే పొగే నోరంతా తిరుగుతోందన్నది మరవకండి.

పెదవి మచ్చ అలాంటిది కాదు. శుభ్రమైన పలచటి గుడ్డతో నెమ్మదిగా తుడిచి చూడండి. తెల్లది ఊడివస్తే ఫంగస్ కావచ్చు, దానికి మందుంది. ఊడకుండా అంటుకుని ఉంటే దాన్ని ల్యూకోప్లేకియా అంటాం. అలాంటి మచ్చలన్నీ క్యాన్సర్ కావు, ఎక్కువ వాటిలో ఏమీ ఉండదు కూడా. అయితే ఏది మారుతుందో, ఏది మారదో కంటితో చూసి చెప్పగల డాక్టరు ఎవరూ లేరు. అందుకే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. మచ్చలో ఎరుపు కలిసి ఉన్నా, అంచు గట్టిపడినా, గరుకుగా తగిలినా, మెడలో గడ్డ తగిలినా ఇంకా తొందర పడాలి. మీరు పైపు కాడను ఎప్పుడూ ఎడమవైపే కరిచి పట్టుకుంటారా? మచ్చ కూడా సరిగ్గా ఆ చోటే ఉందా? చూపించుకునేటప్పుడు ఈ మాట డాక్టరుకు తప్పక చెప్పండి.

పెదవికీ పైపుకూ ఉన్న ఈ సంబంధం కొత్తగా కనిపెట్టింది కాదు. 1795లోనే జర్మన్ వైద్యుడు సోమ్మరింగ్, పైపు తాగేవారికి పెదవి క్యాన్సర్ వస్తోందని రాశాడు. సిగరెట్లు ఇంకా విరివిగా వాడుకలోకి రాని కాలం అది.

కొల్లాపూర్ దగ్గరి పల్లె నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయనను నేను మరిచిపోలేను. ముప్పై ఏళ్లకు పైగా చుట్టను పెదవి ఎడమ మూలనే పెట్టుకున్నారు. ఆ మూలన కందిగింజంత గట్టిదనం వస్తే చుట్ట సెగకు కాలిందనుకుని వెన్న రాసుకున్నారు. తర్వాత ఎవరో ఇచ్చిన నోటిపూత మందు రాసుకుంటూ ఐదు నెలలు గడిపారు. వచ్చేటప్పటికి అది పుండు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి పెదవిలో మూడోవంతు తీసేయాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది, ఆ తర్వాత చాలా ఏళ్లు బాగానే ఉన్నారు. కాని టీ తాగేటప్పుడు ఆ మూల నుంచి కారిపోతుంటే కండువా కొసతో అద్దుకుంటూ తాగేవారు. కందిగింజంత ఉన్నప్పుడే వచ్చి ఉంటే రెండు కుట్లతో పోయేది. రెండు వారాలకు మానని పుండు గానీ మచ్చ గానీ నోట్లో ఎక్కడున్నా చూపించాలన్న నియమం ఇందుకే. మీది ఇప్పటికే రెండు నెలలు.

ముక్క తీస్తే లోపలున్నది రేగి ముదురుతుందని మన వైపు గట్టి నమ్మకం. ఇది నిజం కాదు. ముక్క తీయడం వల్ల జబ్బు రాదు, పెరగదు. ఆ భయంతో ఆగిన నెలల్లోనే పెరుగుతుంది. మత్తు సూది ఇచ్చి పది పదిహేను నిమిషాల్లో పని పూర్తి చేస్తారు. బీపీ మాత్ర ఆ రోజు మానకుండా వేసుకోండి. రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపవద్దు.

ఇక పీల్చను అన్న మాట. మీరు నిజమే చెబుతున్నారని నమ్ముతున్నాను. కానీ ఇరవై ఐదేళ్లు సిగరెట్ పీల్చిన ఊపిరికి అలవాటు ఒకటి ఉంటుంది. సిగరెట్ నుంచి పైపుకు మారినవారిలో చాలామంది తెలియకుండానే కొంత పొగ లోపలికి లాగుతారు. మొదటి నుంచీ పైపే తాగినవారికీ వీరికీ ముప్పులో తేడా అక్కడే వస్తుంది. అసలు పీల్చకపోయినా నికోటిన్ శరీరంలోకి వెళ్లకుండా ఉండదు. సిగరెట్ పొగ కొంచెం ఆమ్లగుణంతో ఉంటుంది కాబట్టి దాని నికోటిన్ ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచే రక్తంలో కలుస్తుంది. పైపు, చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ. అందువల్ల నికోటిన్ బుగ్గ లోపలి పొర నుంచే నేరుగా రక్తంలోకి దిగుతుంది. పీల్చకుండానే మీకు తృప్తి కలగడానికి కారణం అదే. నాడి పెరగడానికి, రక్తనాళాలు బిగుసుకోవడానికి కూడా అదే కారణం. బీపీ ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

పైపు సిగరెట్ కంటే మేలా అంటే, నిజాయతీగా చెప్పాల్సింది ఇది. జీవితంలో పైపు తప్ప మరేదీ తాగక, పొగ పీల్చనివారికి ఊపిరితిత్తుల క్యాన్సర్, గుండె జబ్బుల ముప్పు సిగరెట్ తాగేవారికంటే తక్కువే, అయినా పొగ తాగనివారికంటే ఎక్కువ. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక దగ్గరికి వచ్చేసరికి ఆ తగ్గింపు కూడా లేదు, సిగరెట్‌తో దాదాపు సమానం. పొగలోని విషాలు లాలాజలంలో కరుగుతాయి, ఆ లాలాజలాన్ని రోజంతా మింగుతూనే ఉంటాం.

మీ పొగాకుల గురించి ఓపికగా రాశారు, నేనూ ఓపికగానే జవాబిస్తాను. వర్జీనియా అంటే మనకు కొత్త కాదు, ప్రకాశం, గోదావరి జిల్లాల రైతులు బ్యారన్లలో వేడిగాలికి ఆరబెట్టే ఆకే. ఆ పద్ధతిలో ఆకులో చక్కెర మిగిలిపోతుంది. రుచి తియ్యగా ఉంటుంది గానీ వేడిగా మండుతుంది, నాలుక చురుక్కుమంటుంది. బర్లీని నీడన గాలికి ఆరబెడతారు. చక్కెర పోతుంది, నికోటిన్ గట్టిగా ఉంటుంది. పొగాకుకు ప్రత్యేకమైన నైట్రోసమీన్లు అనే క్యాన్సర్ కారకాలు బర్లీలో వర్జీనియా కంటే ఎక్కువ. మీ మధ్యాహ్నపు పైపు మెత్తగా అనిపించినంత మెత్తనిది కాదు.

లటాకియా పేరు సిరియాలోని ఓడరేవుది. ఇప్పుడు ఎక్కువగా సైప్రస్ నుంచి వస్తుంది. వాన సాయంత్రం మీకు అంత ఇష్టమైన ఆ సుగంధం ఆకు సొంత వాసన కాదు. కట్టెలు, సుగంధ మొక్కలు రాజేసి ఆ పొగలో ఆకును రోజుల తరబడి వేలాడదీస్తారు. పొగ చూరిన ఇంటి దూలానికి పట్టే నల్లటి జిగటను మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు. అలాంటిదే ఆకుకూ పడుతుంది. అందులో బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారకాలు మీరు అగ్గిపుల్ల గీయకముందే ఉంటాయి. తర్వాత మండించడం వల్ల పుట్టేవి అదనం.

కావెండిష్ ఒక ఆకు రకం కాదు, తయారు చేసే పద్ధతి. ఆకుకు ఆవిరి పట్టి, తీపి, వెనిల్లా, చెర్రీ వంటి వాసనలు కలిపి, అదిమి ఉంచుతారు. ఆ తీపి మండినప్పుడు కళ్లనూ గొంతునూ మండించే ఆల్డిహైడ్లు పుడతాయి. మీ ఉత్తరంలో పెదవి మచ్చ తర్వాత నన్ను బాధపెట్టింది ఇదే. మనవలు ఉన్నప్పుడే దీన్ని వెలిగిస్తున్నారు, వాళ్ల మీద ప్రేమతోనే. పిల్లల ఊపిరితిత్తులకు చెర్రీ పొగా ఒకటే, బీడీ పొగా ఒకటే. వాసన బాగుంటే పిల్లలు దూరం జరగరు, ఇంకా దగ్గరికి వచ్చి తాతయ్య పక్కనే కూర్చుంటారు. ఆ తాతయ్య వాసన వాళ్లకు జీవితాంతం గుర్తుండిపోతుంది కూడా.

కాబట్టి రకం మారిస్తే సరిపోతుందా అన్న ప్రశ్నకు జవాబు, సరిపోదు. పైపు మార్చినా అంతే. మీర్‌షామ్ మట్టి తేమను పీల్చుకుని పొగను కొంచెం చల్లబరుస్తుంది, బెండు పైపు తేలిగ్గా ఉంటుంది. అంగిలి మంట కాస్త తగ్గవచ్చు. మచ్చకు కారణమైనవి మాత్రం తగ్గవు. మంట తగ్గిందని మీరు ధైర్యపడటమే నాకు భయం.

పళ్ల మాట కూడా తేల్చేద్దాం. ఫ్లోరైడ్ మరకలు చిన్నతనంలో పళ్లు తయారయ్యేటప్పుడే పంటి లోపల పడతాయి, రెండు వైపులా ఒకే తీరుగా ఉంటాయి, రుద్దితే పోవు. పొగాకు గార పైపైన, ఎక్కువగా పళ్ల వెనక పట్టుకుంటుంది, శుభ్రం చేస్తే పోతుంది. మన జిల్లాలో ఎందరో పెద్దవాళ్లు ఎలాగూ ఫ్లోరైడ్ పళ్లే కదా అని దంత వైద్యుల దగ్గరికి వెళ్లడమే మానేశారు. వాళ్ల చిగుళ్ల జబ్బులు, నోటి మచ్చలు ఎవరి కంటా పడకుండా పోతున్నాయి. గార తీయించుకోండి. అప్పుడు చిగుళ్ల అసలు రంగు తెలుస్తుంది.

మానడం గురించి. సిగరెట్ మానిన మనిషి మీరు, ఒకసారి గెలిచిన పనే. పైపు తాగేవారికి నికోటిన్ ఒక్కటే కాదు, ఆ తంతు మొత్తం అలవాటవుతుంది. డబ్బా మూత తీయడం, ఆకును వేళ్లతో విడదీయడం, మూడు విడతలుగా కూరడం, చివర్లో బూడిద తట్టి పుల్లతో కాడ తుడవడం. చేతులు ఖాళీ అయితేనే ఎక్కువ తోచదు. అందుకే ఆ వేళలకు చేతిపని ఏదైనా ముందే సిద్ధం చేసుకోండి. మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, నిద్రలేమి బాగా ఉంటాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ సాయపడుతుంది. అయితే చూయింగ్ గమ్‌లా గబగబా నమలకూడదు. ఘాటు తెలిసే వరకు నమిలి బుగ్గన పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. టీ, కాఫీ తాగిన పావుగంట వరకు వేసుకోవద్దు, పనిచేయదు. మీకు బీపీ ఉంది, నోట్లో మచ్చ ఉంది కాబట్టి గమ్ మొదలుపెట్టే ముందు డాక్టరుతో మాట్లాడండి. ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 1800 11 2356కు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

పైపు మాని వక్కపొడికో, జర్దా కిళ్లీకో మాత్రం మారకండి. ఖాళీ వక్క కూడా నోటి క్యాన్సర్ తెచ్చేదే. నోరు ఊరుకోకపోతే సోంపు వేసుకోండి, ఎండు ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకోండి. మానిన తర్వాత నోటి, గొంతు క్యాన్సర్ల అదనపు ముప్పు ఐదు నుంచి పదేళ్లలో సగానికి తగ్గుతుంది. మీ వయసుకు అది ఆలస్యమేమీ కాదు.

పద్నాలుగు పైపులనూ పారేయమని నేను అనను. బ్రయర్ అంటే మధ్యధరా తీరంలో పెరిగే ఒక పొద వేరు మొదట్లోని గడ్డ, మీర్‌షామ్ తుర్కియే నేలలోంచి తవ్వి తీసి చెక్కేది. అవి చేతిపని వస్తువులు, పైగా కొడుకు తెచ్చినవి. స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి, అద్దాల బీరువాలో పెట్టుకోండి. పొగాకు డబ్బాలను మాత్రం ఒక్కటీ ఉంచకండి. ఎవరికీ పంచకండి కూడా, ఆ మచ్చ వాళ్ల పెదవికి వెళుతుంది. వచ్చేసారి వచ్చేటప్పుడు కొత్త డబ్బా తేవద్దని అబ్బాయికి మీరే ఫోను చేసి చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి.

ముక్క పరీక్ష రిపోర్టు రాగానే అందులో డిస్‌ప్లాసియా (అంటే కణాలు క్యాన్సర్ వైపు మారే సూచన) అనే మాట ఉందేమో చూసి నాకు రాయండి. లేకపోతే మూడు నెలలకోసారి నోరు చూపించుకుంటే చాలు. ఉంటే మచ్చను పూర్తిగా తీయించాలి. దానికి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి ఏ కాగితాలు పట్టుకుని వెళ్లాలో అప్పుడు వివరంగా చెబుతాను.